గాలికి వీపు పెట్టిన పక్షి

తోమి పెద్దమ్మ అడిగిన మాట చెవిన పడగానే కిను లేచి వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చింది. కూర్చోబోతూ, పట్టపగలు తలుపు మూసుకుంటే లేనిపోని అనుమానం వస్తుందని తోచి, మళ్ళీ వెళ్ళి జానెడు తెరిచి వచ్చింది.

"ఏటి టీచరమ్మా, కాలు కాలిన పిల్లిలా తిరగతన్నావు? కూకో" అంది తోమి.

తోమికి అరవై దాటాయి. చేపల బుట్ట మోసి మోసి భుజం ఒకవైపుకి ఒంగిపోయింది. ఉప్పుగాలికి ముఖం పగిలి, ఎండిన చేప తోలులా ఉంది. గుడ్డలో చుట్టి తెచ్చిన రెండు చేపల్ని చాప మీద కినువైపు తోసి, అదే మాట మళ్ళీ అంది.

"మా తమ్ముడి బొమ్మ ఒకటి గియ్యాల. వచ్చే పిబ్రవరికి ఆడు పోయి యాడాది. దేవుడి గూడు పక్కన గోడకి తగిలిద్దారంటే ఒక్క పొటో నేదు. అన్నీ పోలీసోళ్ళు ఎత్తుకుపోయినారు. ఉత్త గోడకి దండం ఎట్టమంటావా?"

ఆ తమ్ముడు హమాటాని షున్సాకు. టొయామా అఖాతం ఒడ్డున, ఒగురాహామా అనే ఆ చేపల ఊళ్ళోనే పుట్టాడు. టోక్యో వెళ్ళి పేరున్న రచయిత అయ్యాడు. పేరు వచ్చాక అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చి, అక్క ఇంట్లో వలల గదిలో బల్ల వేసుకుని రాసుకునేవాడు. చాలా ఏళ్ళ కిందట బియ్యం ధర మండిపోయినప్పుడు, ఊరి బియ్యాన్ని ఓడల్లోకి ఎక్కిస్తుంటే బెస్త ఆడవాళ్ళు ఒడ్డున అడ్డం కూర్చుని ఆపేశారు. ఆ కథను అతను పుస్తకంగా రాశాడు. కొన్నాళ్ళు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చైనాలో యుద్ధం మొదలైంది, పుస్తకాన్ని నిషేధించారు, అతన్ని పట్టుకుపోయారు. రెండేళ్ళకు వదిలారు కానీ ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి వచ్చినట్టు వచ్చాడు. పోయిన ఫిబ్రవరిలో మంచు కురుస్తుండగా కన్నుమూశాడు. సాగనంపడానికి ఆరుగురు వచ్చారు. అందులో ఇద్దరు మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు.

ఆ ఆరుగురిలో కిను లేదు. వెళ్ళాలనుకుంది, చెప్పులు కూడా వేసుకుంది, గడప దాటలేకపోయింది.

"నా చేతిలో చాలా పనుంది పెద్దమ్మా" అంది కిను. "మందు పొట్లాల మీద బొమ్మలు... నెలాఖరుకి ఇవ్వాలి. పైగా మనుషుల ముఖాలు నాకు సరిగ్గా రావు."

"ముఖం వద్దు" అంది తోమి. "ముఖముంటే దాన్నీ ఎత్తుకుపోతారు. ముఖం నేకుండా ఆణ్ణి గియ్యి."

"ముఖం లేకుండా మనిషిని ఎలా గీస్తారు?"

"అది నాకేటి తెలుసు? సదువుకున్నదానివి నువ్వు. సూసినోళ్ళకి తెలవాల, సూడకూడనోళ్ళకి తెలవకూడదు. అంతే."

ఇంకేదో చెప్పి తప్పించుకుందామని కిను మాటలు వెతుక్కునేలోపే తోమి రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకు తాకేలా వంగి, లేచి వెళ్ళిపోయింది. చేపలు అక్కడే ఉన్నాయి. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

"ఎవరు వచ్చింది?" అని లోపలి గదిలోంచి అత్తగారు ఇసో కేక వేసింది.

"చేపలావిడ, అత్తయ్యా."

"ఎవరి పెళ్ళికి?"

ఇసోకి ఎనభైకి దగ్గర. చెవులు సగం వినపడతాయి, బుద్ధి వస్తూ పోతూ ఉంటుంది. కొడుకు పోయాక ఈ ఇంట్లో మిగిలింది ఈ అత్తాకోడళ్ళే. కిను బడిలో ఆడపిల్లలకు బొమ్మలు నేర్పుతుంది, ఇంటిదగ్గర మందుల దుకాణాలకు పొట్లాల బొమ్మలు గీస్తుంది. తనను పట్టుకుపోతే ఇసోకి గంజి కాచి పోసేదెవరు?

అయినా కాదని కబురు పంపలేకపోయింది. అందుకు కారణం ఆ పుస్తకమే. అందులో ఒకామె ఉంది. పేరు లేదు. వీపున బిడ్డను కట్టుకుని, పడవ ముందు ఇసుకలో చతికిలబడి, ఓడ గుమాస్తా ఎంత తిట్టినా లేవకుండా తలకు కట్టుకున్న నీలం గళ్ళ గుడ్డను విప్పి మళ్ళీ కట్టుకుంటుంది. ఆ గుడ్డ కిను తల్లిది. ఆ వీపు మీద బిడ్డ కిను చెల్లెలు. తల్లి పోయిన చాలా ఏళ్ళకు ఆ పేజీ చదివి, కిను బియ్యం కడుగుతూ ఏడ్చింది. అతనికి ఒక్క మాట చెప్పాలని ఎన్నోసార్లు అనుకుంది. ఒకసారి రైల్వేస్టేషన్లో కనిపించాడు కూడా. పక్కనుంచి చూసింది, మెడకు చుట్టుకున్న గుడ్డలో సగం ముఖం దాగి ఉంది. చెప్పేలోపే రైలు వచ్చింది.

అతన్ని దేనిలా గీయాలి? దేవదారు చెట్టులా గీస్తే ఎవరైనా కావచ్చు. కలం గీస్తే పోలీసులకే ముందు తెలుస్తుంది. బియ్యం కొలిచే మానిక గీస్తే ఇంకేమీ అడగక్కర్లేకుండా చేతులు కట్టి తీసుకుపోతారు. ఆలోచించిన ప్రతి బొమ్మనూ కిను ముందు ఒక పోలీసువాడి కళ్ళతో చూసుకునేది. అలా చూసేసరికి ఏ బొమ్మా మిగిలేది కాదు. చేపను గీసినా నేరంలాగే కనిపించేది.

డిసెంబరులో ఒక పొద్దున బడికి పోతూ ఒడ్డున ఆగింది. ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. ఇసుక మీద కడలిపిల్లులు వాలి ఉన్నాయి. తెల్లటి ఒంటి మీద బూడిదరంగు రెక్కలు, తోకన నల్లటి పట్టీ ఉండే సముద్రపు పక్షులు అవి. పిల్లిలా అరుస్తాయి గనక ఆ పేరు. గాలి ఎటు నుంచి వస్తే అటే ముఖం పెట్టి వరసగా నిలబడతాయి, అలా నిలబడితేనే ఈకలు ఒంటికి అంటుకుని వెచ్చగా ఉంటాయి. వందలకొద్దీ పక్షులు, అన్నీ సముద్రంవైపే చూస్తున్నాయి. ఒక్కటి మాత్రం గాలికి వీపు పెట్టి నిలబడింది. వెనకనుంచి గాలి దూరి దాని ఈకలన్నీ లేచిపోతున్నాయి, చలికి ఒళ్ళు ముడుచుకుపోతోంది, అయినా తిరగలేదు. ఇంత చలిలో అది ఏం చూస్తోందా అని కిను దాని చూపు వెంట చూసింది. అది మిగతా పక్షుల్ని చూస్తోంది. అంత గుంపులో తోటివాటి ముఖాలు చూస్తున్నది అదొక్కటే.

ఇదే అతను, అనిపించింది కినుకి. ఎవరైనా తనను చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది. ఒడ్డున ఎవరూ లేరు. అయినా పక్షిని చూడనట్టు తల వంచుకుని గబగబా బడివైపు నడిచింది.

పట్టుగుడ్డ మీద సిరాతోను, ఆల్చిప్పల పొడి తెలుపుతోను గీసింది. పగలే గీసింది, దీపం పెడితే అనుమానిస్తారని. వీధిలో మంచు మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, మందు పొట్లాల కాగితాలు తెచ్చి బొమ్మ మీద పరిచేది. ఆ కాగితాల మీద ఎర్రటి బొజ్జ దేవుడు నవ్వుతూ ఉండేవాడు. అడుగులు దూరమయ్యాక కాగితాలు తీసేది. పట్టు మీద సిరా గీత ఒకసారి పడితే తుడవడానికి ఉండదు. అందుకే ఆ లేచిన ఈకల్ని గీసేటప్పుడు ఊపిరి బిగబట్టి గీసింది.

వీధి కమిటీ పెద్ద త్సుబోకావా చాటింపు పలకతో వచ్చిన రోజున ఆమెకు కాగితాలు పరిచే వ్యవధి చిక్కలేదు. అతను రేషను దుకాణం నడిపే లావుపాటి మనిషి. ప్రతి ఇంటికీ వచ్చి పలక మీద ప్రభుత్వం మాట చదివించి ముద్ర వేయించుకుపోవడం అతని పని.

"పట్టా?" అన్నాడు, కిను భుజం మీదుగా చూస్తూ. "విలాస వస్తువులు వద్దని కదమ్మా ఈ వేసవి నుంచి ఒకటే పోరు."

"పాతదండీ. మా ఆయన ఉన్నప్పటిది. పారేయలేక..."

"అలాగా." అతని కళ్ళు బొమ్మ మీదే ఉన్నాయి. "పిట్టలు" అన్నాడు. ఇంకేమీ అనకుండా ముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు.

ఏమీ అనకపోవడమే కినుకి నిద్ర లేకుండా చేసింది. ఆ పట్టును చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. మర్నాడు తెల్లరంగు పెచ్చులూడుతుందని భయమేసి బయటకు తీసి చెక్క మీద బిగించింది. ఆ మధ్యాహ్నమే షిమోజో వచ్చాడు.

ముప్పై ఏళ్ళుంటాయి. తలకు నూనె, చేతికి తొడుగులు. జిల్లా పట్నం నుంచి వచ్చే పోలీసు, మనుషుల తలల్లో ఏముందో ఆరా తీసే శాఖ. గుమ్మంలో బూట్లు విప్పి, వాటిని చక్కగా జత చేసి, వంగి నమస్కారం పెట్టాడు. అతను అరుచుకుంటూ వచ్చి ఉంటే కిను అంతగా భయపడేది కాదేమో.

"ఓరిహాషి టీచరు గారూ, ఇటు పోతూ పలకరించి పోదామని. పక్షులంటే నాకూ ఇష్టమే" అన్నాడు.

బొమ్మ గోడకు ఆనించి ఉంది. అతను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కిను బార్లీ టీ పోసింది, సగం పళ్ళెంలో ఒలికింది. అతను చూడనట్టే ఊరుకున్నాడు.

"ఎంత బాగా కుదిరాయండీ రెక్కలు! అన్నీ సముద్రంవైపే చూస్తున్నాయి. మరి ఇది మాత్రం ఇటు తిరిగిందేం?"

"పక్షులు కదండీ... అలా... తిరుగుతూ ఉంటాయి."

"మిగతావి తిరగలేదు కదా."

సరిగ్గా అప్పుడే ఇసో లోపలి గది తలుపు జరుపుకుని పాకుతూ వచ్చింది. అతిథికి వంగి దండం పెట్టి, బొమ్మను కళ్ళు చికిలించి చూసింది.

"బాగా వేసింది మా కోడలు. అచ్చం అతనే" అంది.

షిమోజో కప్పు కింద పెట్టాడు. "ఎవరు బామ్మగారూ?"

"అతనే బాబూ. వాళ్ళక్క కూడా వచ్చింది మొన్న, చేపలు పట్టుకుని."

"అత్తయ్యా, మీకు చలేస్తుంది, లోపలికి..." అని కిను లేవబోయింది. షిమోజో చెయ్యి కొద్దిగా ఎత్తాడు. అంతే, కిను లేవలేకపోయింది.

"ఎవరక్క బామ్మగారూ? చెప్పండి."

ఇసో అతని ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఏదో గుర్తుకొస్తున్నట్టు పెదవులు కదిలాయి. కిను కళ్ళు మూసుకుంది.

"చేపలు తెచ్చావా నాయనా?" అంది ఇసో. "పులుసు పెట్టమంటాను, ఉండు."

షిమోజో చిన్నగా నవ్వాడు. తర్వాత లేచి, బొమ్మను చెక్క మీద నుంచి విప్పి, జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుంటాను. మీకేం అభ్యంతరం లేదు కదా?" అని అడిగాడు. కిను లేదన్నట్టు తల ఊపింది. అతను బూట్లు తొడుక్కుంటుంటే, మర్యాదకు పక్కన నిలబడి బూట్లు తొడిగే గరిటె కూడా అందించింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. మంచు మీద అడుగు పడితే చేతిలో గిన్నె జారేది. తోమిని హెచ్చరించాలని ఉంది, కానీ తోమి ఇంటికి వెళ్తే అదే సాక్ష్యమవుతుంది. బజారులో తోమి ఎదురైతే తల తిప్పుకుని సందులోకి దూరింది. వీధిలో ఆడవాళ్ళు తనను చూసి మాట ఆపేస్తున్నట్టు అనిపించేది. అందరికీ తెలిసిపోయింది, అందరూ తనను దూరం పెడుతున్నారు అనుకుంది. ఉన్ని లోదుస్తులు రెండు జతలు మూటకట్టి గుమ్మం పక్కన పెట్టుకుంది, తీసుకుపోయేటప్పుడు వెతుక్కోనవసరం లేకుండా.

"ఎక్కడికి ప్రయాణం?" అని ఇసో రోజూ అడిగేది.

"ఎక్కడికీ లేదత్తయ్యా" అని కిను రోజూ చెప్పేది.

జనవరి మధ్యలో పిలుపు వచ్చింది. పక్కింటావిడకు ఇసోను అప్పగించి, మూట పట్టుకుని రైలెక్కింది. పట్నం పోలీసు స్టేషన్లో ఆమెను కూర్చోబెట్టిన గదిలో బొగ్గుల కుంపటి ఉంది, కానీ అది షిమోజో వైపు ఉంది. మూలన ఒక గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద బొమ్మ పరిచి ఉంది. అంచులు నలిగి, ఒక మూల తడి మరక పడింది. ఎందరో చేతులు మారినట్టుంది. తనను చంపబోతున్నారేమోనన్న చోట కూర్చుని కూడా కినుకి ఆ మరక చూసి ప్రాణం ఉసూరుమంది.

"టీచరు గారూ, ఇక దాచి లాభం లేదు" అన్నాడు షిమోజో. గొంతులో అదే మెత్తదనం. "మీ ఊరు ఊరంతా ఒప్పేసుకుంది. ఇది ఎవరో అందరూ చెప్పేశారు. మీ నోటితో ఒక్క మాట అనేస్తే మీ అత్తగారి దగ్గరికి సాయంత్రం బండికే వెళ్ళిపోవచ్చు."

కిను నమ్మింది. ఎందుకు నమ్మదు? అంతా అయిపోయింది, ఇక చెప్పినా చెప్పకపోయినా ఒకటే అనిపించింది. ఒక విధంగా ఊరట కూడా కలిగింది. ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచింది.

మాట రాలేదు. గొంతు పూడుకుపోయింది. భయంతో దవడలు కొట్టుకుంటున్నాయి తప్ప శబ్దం పుట్టడం లేదు. షిమోజో నీళ్ళు ఇచ్చాడు. పళ్ళు గ్లాసుకి కొట్టుకుని టకటకమన్నాయి. నీళ్ళు మింగాక చివరికి ఆమె గొంతులోంచి వచ్చింది ఒక్క ముక్కే.

"కడలి... పిల్లి."

షిమోజో ముఖంలో మెత్తదనం పోయింది. అదే మాట అంతకుముందు చాలాసార్లు విన్నవాడిలా విసుగ్గా కళ్ళు మూసి తెరిచాడు. "ఆవిణ్ణి తీసుకురండి" అన్నాడు.

తోమిని తీసుకొచ్చారు. ఆమె పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టుంది, పెదవులు నీలంగా ఉన్నాయి. కినువైపు చూడలేదు.

"ఈ తిరిగిన పిట్ట ఎవరు?" అన్నాడు షిమోజో.

"ఏటి బాబూ, పొద్దుగాల నుంచి కూకోబెట్టి పిట్టబొమ్మ సూపిత్తావా? ముసిల్దాన్ని, నడుం పట్టేసింది."

"ఎవరో చెప్పు, పంపించేస్తాను."

"సెప్పాలంటే సిగ్గేత్తంది."

"చెప్పు."

"మా ఆయన" అంది తోమి. "అందరూ గాలి సూసుకుని ఒడ్డుకొత్తా ఉంటే, ఆయనొక్కడే ఎనక్కి తిరిగి లోపలికి పోయేటోడు. అలగే పోయినాడు, మరి రానేదు. నీకు ఎక్కడన్నా దొరికితే నాకో కబురెట్టు బాబూ. ఆడికి నాను శానా సెప్పాల."

మూలన గుమాస్తా ఆపుకోలేక కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు వినగానే కినుకి పై ప్రాణాలు పైనే పోయాయి, ఇప్పుడేం జరుగుతుందోనని. జరిగింది. షిమోజో లేచి వచ్చి తోమి చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడుకి కిను తన చెంప పట్టుకుంది. తోమి తలగుడ్డ జారింది. ఆమె దాన్ని తీసి, దులిపి, మళ్ళీ కట్టుకుని, గోడవైపు చూస్తూ కూర్చుంది.

వాళ్ళను సాయంత్రందాకా ఉంచి వదిలేశారు. పట్టు విలాస వస్తువు కాబట్టి బొమ్మ స్వాధీనం, ఇకమీదట పక్షులు గీయకూడదు, అని చెప్పారు. వాళ్ళిద్దరూ రైల్వేస్టేషన్ దాకా మంచులో పక్కపక్కన నడిచారు. పట్నం ఇళ్ళు దాటాక, ఎవరైనా వెంట వస్తున్నారేమోనని కిను వెనక్కి తిరిగి చూసింది.

"పెద్దమ్మా, నేను చెప్పేయబోయాను" అంది చివరికి.

"తెలుసు. నీ ముఖం సూసినాను."

"ధైర్యంతో ఆగలేదు. గొంతు రాలేదు, అంతే."

"ఏదైతే ఏటి? సెప్పనేదు కదా" అంది తోమి. వాచిన చెంప మీద మంచు ముద్ద ఒకటి అద్దుకుంది.

"మళ్ళీ గీయమని మాత్రం అడక్కు. నా వల్ల కాదు."

తోమి కరిగిన మంచు దులిపేసి ఇంకో ముద్ద తీసుకుంది.

ఫిబ్రవరిలో ఆ రోజు వచ్చింది. వెళ్ళకూడదని కిను ముందే నిశ్చయించుకుంది. పొద్దుటినుంచి బొజ్జ దేవుడికి ఎరుపు అద్దుతూ కూర్చుంది. ఒకే దేవుడికి రెండుసార్లు అద్ది పాడుచేసింది.

"ఇవాళ హమాటాని వాళ్ళింట్లో సంవత్సరీకం కదూ, వెళ్ళవూ?" అంది ఇసో. ఆ పూట ఆమె కళ్ళు తేటగా ఉన్నాయి. "చచ్చిపోయినవాడంటే భయమా?"

"చచ్చిపోయినవాడంటే కాదత్తయ్యా."

"అయితే వెళ్ళు."

తోమి ఇంట్లో పూజారి మంత్రం ముగించి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. దేవుడి గూడులో దీపం వెలుగుతోంది. పక్కన గోడ బోసిగా ఉంది. దానివైపు చూడలేక కిను చాప అంచున తల వంచుకుని కూర్చుంది. తోమి సముద్రపు నాచుతో ఉడికించిన ముల్లంగి ముక్కలు ముందు పెట్టింది. ఇద్దరే ఉన్నారు. ఇంకెవరూ రారులే అనుకుంది కిను.

వంటింటి తలుపు జరిగింది. హత్సుయే వచ్చింది, వలలు అల్లే ఆవిడ. తర్వాత ఫుదే, ఆమె వెనక ఇంకో ముగ్గురు. మంచు దులుపుకుంటూ, పిల్లిలా చప్పుడు లేకుండా, ఒక్కొక్కరే వెనక దారినే వచ్చి కూర్చున్నారు. అందరూ ఆనాడు బియ్యం ఓడలకు అడ్డంగా ఒడ్డున కూర్చున్నవాళ్ళే, ఇప్పుడు ముసలమ్మలు. గది నిండిపోయింది. అగరొత్తులు వెలిగించారు. తర్వాత హత్సుయే కినువైపు తిరిగింది. కిను బెదిరిపోయింది.

"బొమ్మ బాగుంది టీచరమ్మా. గానీ మెడ పొడుగైంది. షున్సాకుది అంత మెడ కాదు."

కినుకి అర్థం కాలేదు. "ఏ బొమ్మ?"

"ఏ బొమ్మేటి? నువ్వు గీసిందే. ఆ నూనె తలకాయోడు ఇంటింటికీ తెచ్చి సూపించినాడు గదా, ఇదెవరో తెలుసా ఇదెవరో తెలుసా అని."

"మెడ సరిగ్గానే ఉంది" అంది ఫుదే. "చలికి అలాగే సాచేవాడు. నాకైతే చూడగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏం ఏడుస్తున్నావని అడిగాడు. పొయ్యి పొగ బాబూ అన్నాను."

"మా ఇంటికి రెండుసార్లు తెచ్చాడు" అంది ఇంకొకామె. "రెండోసారి నేనే సరిగ్గా కనబడ్డం లేదు, ఎలుతుర్లో పెట్టు అన్నాను. పాపం, కిటికీ దగ్గర పట్టుకు నిలబడ్డాడు. తనివి తీరా చూశాను."

"నువ్వేం సెప్పినావు?" అని హత్సుయే అడిగింది.

"కడలిపిల్లి అన్నాను. ఇంకేముంది సెప్పడానికి?"

"నేనూ అదే."

"నేనూను."

కిను ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఊరంతా ఒప్పేసుకుందని వాడు చెప్పింది అబద్ధం. వీధిలో మాట ఆపేసిన ఆడవాళ్ళు తనను వెలివేసినవాళ్ళు కాదు. తనకంటే ముందే వాళ్ళందర్నీ అదే ప్రశ్న అడిగారు, అందరూ అదే జవాబు చెప్పారు.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది. వెనక తలుపు కాదు, వీధిది.

త్సుబోకావా వచ్చాడు. గొడుగు మీద మంచు దులిపి, గదిలో ఉన్న ఆడవాళ్ళందర్నీ వరసగా చూశాడు. ఎవరెవరు వచ్చారో గుర్తుపెట్టుకుంటున్నాడు అనుకుంది కిను. అతను ఎవరితోనూ మాట్లాడకుండా దేవుడి గూడు ముందు బరువుగా కూర్చుని అగరొత్తి వెలిగించాడు. చేతులు జోడించి చాలాసేపు ఉన్నాడు. లేచేటప్పుడు బోసి గోడ చూశాడు.

"ఆ బొమ్మను వీధంతా మోసింది నేనే" అన్నాడు ఎవరినీ చూడకుండా. "వాడు ముందు నడిస్తే నేను వెనకాల. తడవకుండా గొడుగు దాని మీద పట్టమన్నాడు. నేను తడిశాను."

తోమే అడిగింది. "నిన్నూ అడిగినాడా, ఎవరని?"

"అడిగాడు."

"ఏటన్నావు?"

త్సుబోకావా కొంచెంసేపు గొడుగు పిడి తుడిచాడు. "నాకు ఈ మధ్య చూపు ఆనడం లేదు" అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "మాట్లాడుకుంటే చిన్నగా మాట్లాడుకోండి. సందు చివరిదాకా వినిపిస్తోంది" అని వెళ్ళిపోయాడు.

అతని మాట బెదిరింపో, మేలుకోరి చెప్పినదో కినుకి తేలలేదు. రేపు పొద్దున మళ్ళీ బూట్లు గుమ్మంలో జతగా కనిపిస్తాయేమో. అందరూ ఒకసారి ఒకే మాట మీద నిలబడ్డారు, రెండోసారి నిలబడగలరా? లేచి ఇంటికి పోవాలనిపించింది. లేవలేదు.

"హత్సుయే పిన్నీ" అంది, గుసగుసగా. "నేనతన్ని ఒక్కసారే చూశాను. అదీ పక్కనుంచి. ముఖం... ముఖం ఎలా ఉండేది?"

"ముఖమా?" హత్సుయే చాప మీద దగ్గరికి జరిగింది. "నుదురు ఎడల్పు. నవ్వితే సెయ్యి అడ్డం ఎట్టుకునేవోడు, ముందు పన్ను ఊడింది గదా."

"ముందు పన్ను కాదు, పక్కది" అంది ఫుదే.

"ముందుదే. మా వాకిట్లో జారి పడితేనేగా ఊడింది!"

"మరి కళ్ళు?" అంది కిను.

అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. తోమి పెదవుల మీద వేలు పెట్టి గొంతులు తగ్గించమంది. కిను వీధి తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచి, మోకాళ్ళ మీద చేతులు బిగించి, వింటూ కూర్చుంది.